జ్వరం నోటికి తెల్ల జుక్: హాస్టల్‌లో ఎలా వండుకోవాలి?

ప్రశ్న: అక్కా, నేను చైనాలోని గ్వాంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదువుతున్నాను, మాది గుంటూరు జిల్లా. ఫ్లూ వచ్చి మూడు రోజులైంది. జ్వరం కాస్త తగ్గింది కానీ గొంతు నొప్పి, నోరంతా చేదు, అన్నం చూస్తేనే వికారం. మా క్లాస్‌మేట్ క్యాంటీన్ నుంచి తెల్లగా, జారుగా ఉన్న బియ్యం జావ తెచ్చిపెట్టింది. జుక్ అంటారట, అదొక్కటే లోపలికి పోయింది. నేనే చేసుకుందామని రైస్ కుక్కర్‌లో ఎక్కువ నీళ్ళు పోసి పెడితే సగం పొంగిపోయింది, మిగిలింది అడుగున ముద్దగా, పైన నీళ్ళు వేరుగా తేలింది. ఏ బియ్యం వాడాలి, ఎన్ని నీళ్ళు పొయ్యాలి? నేను పంది మాంసం తినను; కోడి, చేప, గుడ్డు తింటాను. అందులో వేసే ఆ నల్ల గుడ్డు మంచిదేనా? అమ్మ ఫోన్‌లో పెరుగన్నం తినమంటోంది, ఇక్కడి అమ్మాయిలేమో పెరుగు ముట్టుకోవద్దంటున్నారు. లేచి నిలబడే ఓపిక కూడా లేదు, తేలికగా అయ్యేది చెప్పండి.

జవాబు: చెల్లీ, నిలబడే ఓపిక లేదన్నావు కాబట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళక్కర్లేని పద్ధతి ముందు చెప్తాను. మిగతాది ఒంట్లో కాస్త సత్తువ వచ్చాక చదువుకో.

నీ దగ్గర మూతి వెడల్పుగా ఉండే స్టీల్ ఫ్లాస్క్ ఉందా? అక్కడి సూపర్‌మార్కెట్లలో సూప్, జావ పట్టుకెళ్ళడానికి అమ్ముతారే, పొట్టిగా లావుగా ఉండేది, అర లీటరుది. (టీ పోసుకునే సన్నమూతి ఫ్లాస్క్ వద్దు, కడగడానికి చెయ్యి దూరదు.) రెండు పెద్ద చెంచాల బియ్యం కడిగి అరగంట నానబెట్టు. ఫ్లాస్క్‌లో సలసల మరిగే నీళ్ళు పోసి, మూత పెట్టి, ఐదు నిమిషాలుంచి పారబొయ్యి, లోపలి స్టీలు వేడెక్కాలి. ఇప్పుడు నానిన బియ్యం వేసి మరిగే నీళ్ళు పోసి ఒకసారి కుదిపి, ఇంకో ఐదు నిమిషాలుంచి ఆ నీళ్ళు కూడా వంపెయ్యి. మూడోసారి మళ్ళీ మరిగే నీళ్ళు మూతి దాకా పోసి, గట్టిగా బిగించి, దాన్ని పక్కన పెట్టుకుని పడుకో. మూడు నాలుగు గంటలకి లేచి తీస్తే జావ తయారై ఉంటుంది. చిటికెడు ఉప్పు వేసుకుని వేడివేడిగా తాగెయ్యడమే. మొదట రెండుసార్లు నీళ్ళు పోసి తీసెయ్యడం అనవసరపు పని అనిపిస్తుంది గానీ, చల్లటి స్టీలు, చల్లటి బియ్యం కలిసి మరిగే నీళ్ళ వేడిని అక్కడికక్కడే లాగేస్తాయి, ఆ తర్వాత బియ్యం ఉడకవు, నానతాయి అంతే. కారిడార్‌లో ఉండే వేడినీళ్ళ కుళాయి నీళ్ళు ఒక్కోసారి అంత వేడిగా ఉండవు, కెటిల్‌లో మరిగించుకుంటే మేలు. ఇంకో మాట, ఈ ఫ్లాస్క్‌లో పచ్చి కోడి ముక్కలు, పచ్చి గుడ్డు మాత్రం ఎప్పుడూ వెయ్యకు. గంట గంటకీ వేడి తగ్గుతూ ఉంటుంది, అవి సరిగ్గా ఉడకవు. బియ్యం, రెండు అల్లం ముక్కలు, అంతవరకే.

ఇక నీ రైస్ కుక్కర్ సంగతి. నువ్వు చేసిన దాంట్లో నీళ్ళు తక్కువ, టైమ్ తక్కువ. మామూలు అన్నం బటన్ నొక్కితే కుక్కర్ పెద్ద సెగ మీద మరిగిస్తుంది, గంజి నురగ కట్టి మూతలోంచి పైకొస్తుంది, పొంగుతుంది. పొంగగానే మనం కంగారుపడి ఆపేస్తాం, అప్పటికి గింజ మెత్తబడి ఉంటుందే తప్ప పగిలి ఉండదు. అందుకే అడుగున ముద్ద, పైన నీళ్ళు. జుక్ అంటే నీళ్ళెక్కువైన అన్నం కాదు. గింజ నడుమ పగిలి మల్లెమొగ్గలా విచ్చుకుని, దానిలోని పిండి నీళ్ళలోకి వచ్చి, నీళ్ళేవో బియ్యమేవో విడదీయలేనట్టు కలిసిపోవాలి. గిన్నెలో నీళ్ళు వేరుగా కనబడినా, గింజలు గుట్టగా కనబడినా ఇంకా అవలేదనే అర్థం. దీనికి కావలసింది సామాన్లు కాదు, నీళ్ళూ సమయమూ. ఇంట్లో రెండు గుప్పెళ్ళ బియ్యం తప్ప ఏమీ లేకపోయినా మంచి జుక్ వస్తుంది, ఫ్రిజ్ నిండా సామాన్లున్నా తొందరపడితే రాదు.

అక్కడ కొన్న కుక్కర్ అయితే దాని మీద జావకి వేరే బటన్ ఉండే ఉంటుంది. నీ క్లాస్‌మేట్‌ని అడిగితే చూపిస్తుంది, చైనాలో అమ్మే చాలా కుక్కర్లకి అది ఉంటుంది. అది సన్న సెగ మీద ఎక్కువసేపు ఉడికిస్తుంది కాబట్టి పొంగదు. కొలత ఇది: ఒక వంతు బియ్యానికి పది వంతుల నీళ్ళు. చిన్న టీ కప్పులో సగం బియ్యం తీసుకుంటే అదే కప్పుతో ఐదు కప్పుల నీళ్ళు. ఒంట్లో బాగాలేనప్పుడు పన్నెండు వంతులు పోసినా తప్పులేదు, పలచగా తాగేలా వస్తుంది. బియ్యం, నీళ్ళు కలిపి గిన్నెలో సగం దాటకూడదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. పొంగడం అనే సమస్య సగం అక్కడే పోతుంది. మిగతా సగానికి గ్వాంగ్‌డాంగ్ (నువ్వుండే గ్వాంగ్‌జౌ ఉన్న రాష్ట్రం) ఇళ్ళలో ఒక అలవాటు ఉంది, కడిగి నానబెట్టిన బియ్యాన్ని వంపేసి, అర చెంచా నూనె, చిటికెడు ఉప్పు వేసి వేళ్ళతో పట్టించి ఒక పావుగంట పక్కన పెడతారు. ఆ నూనె వల్ల నురగ అణుగుతుంది, జావ కూడా నున్నగా, జారుగా వస్తుంది. జ్వరంలో నూనె ఏంటి అని అనుకోకు, ఆ మాత్రం నూనె గిన్నెంతటికీ కలిపి తెలియనే తెలియదు.

మీ ఫ్లోర్‌లో కామన్ కిచెన్, పొయ్యి ఉంటే (చాలా హాస్టళ్ళలో గదిలో కుక్కర్ పెట్టుకోనివ్వరు, వార్డెన్ చూస్తే పట్టుకుపోతారు, ముందు ఆ సంగతి కనుక్కో) గిన్నెలో చేసినంత బాగా ఇంకెందులోనూ రాదు. ముందు నీళ్ళు తెర్లనివ్వు, తెర్లుతున్న నీళ్ళలోనే బియ్యం వెయ్యి. చల్లటి నీళ్ళలో వేసి పెడితే గింజ అడుగున కూర్చుని పట్టేస్తుంది. వేసిన వెంటనే గరిటెతో అడుగు తాకేలా రెండు నిమిషాలు కలుపు, మళ్ళీ తెర్లాక సెగ తగ్గించి, మూత వారగా పెట్టి వదిలెయ్యి. మధ్యలో పది నిమిషాలకోసారి అడుగు గీసినట్టు కలిపితే చాలు. గంట దాటేసరికి గింజలు విచ్చుకుంటాయి. ఆఖరి పది నిమిషాలు మాత్రం కాస్త ఎక్కువ కలపాలి, ఒకే వైపు తిప్పుతూ. గరిటెకి రాసుకుని గింజ ఇంకా నలుగుతుంది, పిండి బయటికి వస్తుంది, ఆ నునుపు అప్పుడే వస్తుంది. మధ్యలో చిక్కబడితే వేడినీళ్ళే పొయ్యాలి, చన్నీళ్ళు పోస్తే పలచబడుతుంది గానీ ఆ కలయిక విరిగిపోయి మళ్ళీ నీళ్ళు వేరు, గింజ వేరు అవుతాయి.

గంటసేపు కలుపుతూ నిలబడటం నీవల్ల కాదని తెలుసు. దానికీ ఉపాయం ఉంది, నాకు బాగా నచ్చినది ఇదే. బియ్యం కడిగి, కాసేపు నానబెట్టి, నీళ్ళు వంపేసి, తడి బియ్యాన్ని కవర్లో పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టు. రాత్రి పెడితే పొద్దునకి గడ్డకడుతుంది. గింజలోకి చేరిన నీరు మంచుగా మారి వ్యాకోచించి గింజని లోపల్నుంచే చిట్లగొడుతుంది. ఆ గడ్డని కరగనివ్వకుండా తెర్లే నీళ్ళలో వేస్తే ఇరవై నిమిషాల్లో జుక్ అయిపోతుంది, గంట పని తప్పుతుంది. ఒంట్లో బాగున్న రోజునే రెండు మూడు కవర్లు కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకో, జ్వరం వచ్చిన రోజు బియ్యం కడిగే ఓపిక కూడా ఉండదు కదా.

బియ్యం విషయానికొస్తే, గ్వాంగ్‌డాంగ్‌లో దొరికే సన్నపొడుగు బియ్యం (స్సు మ్యావ్ అంటారు) తేలికగా విచ్చుకుంటాయి, జావ జిగురు లేకుండా జారుగా వస్తుంది. ఈశాన్య చైనా నుంచి వచ్చే పొట్టి గింజ బియ్యం చిక్కగా, కాస్త తియ్యగా, జిగురుగా వస్తాయి. కొంతమంది ఇళ్ళలో రెండూ కలుపుతారు. నీకు ఇప్పుడు గొంతు నొప్పి, వికారం కాబట్టి మొదటి రకమే మంచిది, జిగురు జావ గొంతులో పట్టుకున్నట్టుంటుంది. బాస్మతి, ఉప్పుడు బియ్యం మాత్రం దీనికి అంత బాగుండవు, త్వరగా విచ్చుకోవు. నూకలు దొరికితే ఇంకా మంచిది, మన ఇళ్ళలో జ్వరం వస్తే నూకల జావ కాచేది ఇందుకే, పగలగొట్టే పని అప్పటికే సగం అయిపోయి ఉంటుంది కాబట్టి. ఇండియన్ స్టోర్ కోసం వెతుక్కుంటూ తిరగకు, మామూలు బియ్యాన్నే కడిగి ఆరబెట్టి మిక్సీలో ఒక్కసారి తిప్పి ఆపినా నూకలవుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. జబ్బు పడ్డప్పుడు తినాల్సింది తెల్ల జుక్. అక్కడివాళ్ళు బాక్ జుక్ అంటారు, బియ్యం, నీళ్ళు, ఉప్పు తప్ప ఏమీ ఉండదు. ఇంటర్నెట్‌లో వీడియోలు చూస్తే పైన పది రకాలు చల్లి, నూనె మెరుస్తూ, వేయించిన వెల్లుల్లి, కారం నూనె, పక్కన పొడుగ్గా నూనెలో వేయించిన పిండి కాడలు, యౌ త్యావ్... అది మంచి టిఫిన్, ఆకలిగా ఉన్న మనిషికి. జ్వరం నోటికి అది పెడితే రెండో చెంచాకే వికారం వస్తుంది, అప్పుడు జుక్ మీదే విరక్తి పుడుతుంది. కాబట్టి మొదటి రోజు పలచగా, ఉప్పు మాత్రం వేసి, రెండు గంటలకో గిన్నె, పూర్తిగా తాగలేకపోతే నాలుగు చెంచాలే. రెండో రోజు అల్లం, గొంతులో మంట లేకపోతేనే. లేత అల్లం చెక్కు తీసి సూదుల్లా సన్నగా తరిగి ఉడుకుతున్న జావలో వేస్తే ఘాటు తగ్గి వాసన మిగులుతుంది. దించే ముందు ఉల్లికాడలు, చిటికెడు తెల్ల మిరియాల పొడి, కావాలంటే రెండు చుక్కలు వేయించిన నువ్వుల నూనె. ఆకలి పుట్టడం మొదలయ్యాక గుడ్డు, ఆ తర్వాత కోడి, చేప. నోరు ఏది అడుగుతుందో చూసుకుని ఒక్కొక్కటే కలుపుకుంటూ వెళ్ళు, అది అడగకముందే పెట్టకు.

అలాగని తెల్ల జుక్ మీదే వారం రోజులు ఉండిపోకు. అరకప్పు బియ్యం, అంటే 75 గ్రాములు అనుకుందాం, గిన్నెడు జుక్ అవుతుంది, కడుపు నిండినట్టుంటుంది, కానీ అందులో ఉండేది 260 క్యాలరీలకు కాస్త అటూ ఇటూ, ప్రోటీన్ 5 గ్రాములే. మిగతాదంతా నీళ్ళు. ఆ నీళ్ళే మొదటి రెండు రోజులు నీకు కావలసింది, జ్వరంలో ఒళ్ళు ఎండిపోకుండా. ఆ తర్వాత మాత్రం ఒక గుడ్డయినా పడాలి, లేకపోతే జ్వరం పోయినా నీరసం పోదు. గుడ్డు వెయ్యడం చాలా తేలిక, ఒక గుడ్డు కొట్టి, తెర్లుతున్న జుక్‌లో సన్నధారగా పోస్తూ కలిపి, తెల్లగా గట్టిపడేదాకా ఒకటి రెండు నిమిషాలు ఉంచితే చాలు.

కోడి అయితే రొమ్ము ముక్కని అడ్డంగా పలచటి రేకుల్లా కోసి, కాస్త ఉప్పు, అర చెంచా కార్న్‌ఫ్లోర్, నాలుగు చుక్కల నూనె, అల్లం కలిపి పావుగంట ఉంచి, తెర్లే జుక్‌లో ఒక్కొక్కటే వదులు. ముక్క పలచగా ఉంటే మూడు నాలుగు నిమిషాల్లో ఉడికిపోతుంది, ఒకటి తుంచి చూసి లోపల గులాబీ రంగు లేకపోతేనే దించు. ఆ కార్న్‌ఫ్లోర్ పూత వల్ల ముక్క గట్టిపడదు, గొంతు నొప్పిలో నమలడానికి ఇబ్బంది ఉండదు.

చేప దగ్గర ఒక హెచ్చరిక, ఇది నువ్వు మెడిసిన్ చదువుతున్నావు కాబట్టి చప్పున అర్థమవుతుంది. గ్వాంగ్‌డాంగ్ జుక్ అంగళ్ళలో గడ్డి చేపని కాగితమంత పలచగా కోసి గిన్నె అడుగున పరిచి, పైన మరిగే జుక్ పోసి ఇచ్చేస్తారు. రుచి అమోఘం, కాదనను. కానీ అది మంచినీటి చేప, ఆ ప్రాంతంలో క్లోనార్కిస్ అనే కాలేయపు పురుగు ఎక్కువ, పచ్చిగా, సగం ఉడికిన మంచినీటి చేప ద్వారానే వస్తుంది. పారాసైటాలజీలో చదివే ఉంటావు. ఇంట్లో చేసుకున్నప్పుడు ముక్కల్ని గిన్నెలోనే, పొయ్యి మీదే వేసి, తెల్లగా మారాక ఇంకో రెండు మూడు నిమిషాలు తెర్లనివ్వు. అంగడిలో అయితే జబ్బుగా ఉన్నన్నాళ్ళు చేప జుక్ మానెయ్యి, గుడ్డుదో కోడిదో అడుగు.

పంది మాంసం తిననన్నావు, క్యాంటీన్‌లో దీన్ని కాస్త చూసుకోవాలి. నల్ల గుడ్డు జుక్ దాదాపు ఎప్పుడూ సన్నగా తరిగిన పంది మాంసంతోనే కలిపి వస్తుంది, గ్వాంగ్‌డాంగ్‌లో అందరికీ ఇష్టమైన జోడీ అది. కొన్ని చోట్ల జుక్‌ని ఎముకల నీళ్ళలో ఉడికిస్తారు, పైకి తెల్లగానే కనిపిస్తుంది. ముక్క లేదు కదా అని తీసుకోకుండా, నీళ్ళతోనే ఉడికించారా అని అడుగు. పైన చల్లే గోధుమరంగు దూదిపోగు లాంటిది కూడా చాలావరకు పంది మాంసం పొడే.

నల్ల గుడ్డు, అంటే పీ దాన్, కుళ్ళిన గుడ్డు కాదు, భయపడకు. బాతుగుడ్డుని సున్నం, ఉప్పు, బూడిద, టీ కలిపిన ముద్దలో కొన్ని వారాలు ఊరేస్తారు. ఆ క్షారానికి తెల్లసొన గోధుమరంగు జెల్లీ అవుతుంది, పచ్చసొన నల్లటి ఆకుపచ్చ ముద్ద అవుతుంది, కాస్త అమోనియా వాసన వస్తుంది. పాతరోజుల్లో ఊరడానికి సీసపు ఆక్సైడ్ కలిపేవాళ్ళు, ఇప్పుడు డబ్బా మీద సీసం లేదని రాసినవే అమ్ముతున్నారు, అవే కొనాలి. మంచిదేనా అంటే మంచిదే. కానీ మొదటిసారి దాని రుచి చూడాల్సింది వికారంగా ఉన్న రోజున కాదు. పూర్తిగా తేరుకున్నాక తిను, వాసన నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు.

తెల్ల జుక్ చప్పగా ఉందనిపిస్తే పక్కన నంజుకోవడానికి చిన్న చిన్నవి పెట్టుకుంటారు అక్కడ. అన్ని కిరాణా కొట్లలోనూ చిన్న ప్యాకెట్లలో జా త్సాయ్ దొరుకుతుంది, ఆవ జాతి మొక్క లావుపాటి కాడని ఊరేసి తరిగింది, ఫూలింగ్ ఊరు దానికి పేరుపడింది. ఉప్పు ఎక్కువ, కాబట్టి ఉప్పు వెయ్యని జుక్‌తో నంజుకో, కొన్నింట్లో కారం ఉంటుంది, చూసి తీసుకో. ఇక్కడ మన ఊరగాయ కూడా దివ్యంగా సరిపోతుంది. నీ దగ్గర అమ్మ కట్టిచ్చిన నిమ్మకాయ ఊరగాయ ఉంటే ఆవగింజంత ముక్క నాలుక మీద పెట్టుకుని జుక్ తాగు, నోటి చేదు విరుగుతుంది. ఆవకాయ మాత్రం గొంతు నొప్పి తగ్గేదాకా ఆపు, ఆ కారం, ఆ నూనె ఇప్పుడు వద్దు.

అమ్మ పెరుగన్నం, అక్కడి అమ్మాయిల మాట, ఈ తగువు చాలా పాతది. సుమారు 1800 ఏళ్ళ కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే చైనా వైద్యుడు జలుబు జ్వరానికి దాల్చిన కొమ్మల కషాయం ఇచ్చి, అది తాగిన కాసేపటికి వేడివేడి పలచటి జావ తాగమని, దుప్పటి కప్పుకుని ఒళ్ళు కాస్త చెమర్చేదాకా పడుకోమని రాశాడు, చెమటలు కారిపోకూడదనీ చెప్పాడు. ఆ రోజుల్లో ఏవి తినకూడదో కూడా చెప్పాడు: పచ్చివి, చల్లనివి, జిగురువి, మాంసం, ఘాటైనవి, మద్యం, పాలతో చేసినవి. మన పెద్దవాళ్ళు చెప్పే పథ్యానికి చాలా దగ్గరగా ఉంటుంది, ఒక్క పెరుగు, మజ్జిగ దగ్గరే తేడా. మీ క్లాస్‌మేట్స్ పెరుగు వద్దనడం వాళ్ళ ఇళ్ళలో విన్న మాటే, నీ మీద ప్రేమతో చెప్పిన మాటే. అయినా మామూలు ఫ్లూలో పెరుగు వల్ల జబ్బు పెరగదు. నీకు చిన్నప్పటినుంచీ అలవాటు, కడుపులో హాయిగా ఉంటుంది అంటే గది వేడికి వచ్చిన పెరుగు, మెత్తటి అన్నం నిరభ్యంతరంగా తిను. అక్కడ దొరికే పెరుగు చాలావరకు తియ్యగా ఉంటుంది, చక్కెర కలపనిది చూసి కొనుక్కో. వాంతులు, విరేచనాలు ఉంటే మాత్రం ముందు ఓఆర్ఎస్, తర్వాతే జుక్ అయినా పెరుగన్నమైనా. జుక్‌లో వేసే ఉప్పు ఓఆర్ఎస్‌కి బదులు కాదు. అలాగే జ్వరం మండిపోతున్నప్పుడు ఆ పాత వైద్యుడి మాట పట్టుకుని దుప్పట్లు కప్పుకోకు, పలచటి బట్టలతో గాలి తగిలేలా ఉండు.

బియ్యం జావ విసుగొస్తే క్యాంటీన్‌లో పసుప్పచ్చటి జావ కూడా పెడతారు చూడు, అది కొర్రలు. అవును, మన కొర్రలే. ఉత్తర చైనాలో వేల ఏళ్ళుగా పండిస్తున్నారు, అక్కడ బాలింతలకి, జబ్బుపడి లేచినవాళ్ళకి కొర్ర జావే ముందు పెడతారు, ఎర్ర ఖర్జూరం లాంటి పండ్లు, బెల్లపు చక్కెర వేసి. గొంతు నొప్పికి కాస్త తీపి జావ బాగుంటుంది. ఒక వంతుకి పన్నెండు వంతుల నీళ్ళు, ముప్పై నలభై నిమిషాలు. నువ్వు అడగలేదు గానీ, ఊళ్ళో అమ్మానాన్నలకి షుగర్ ఉండి వాళ్ళకి ఈ జుక్ చెయ్యమని చెప్తావేమోనని అంటున్నాను, బాగా ఉడికి విచ్చుకున్న బియ్యం రక్తంలో చక్కెరని త్వరగా పెంచుతుంది. వాళ్ళు చిన్న గిన్నెలో, గుడ్డో పెసరపప్పో కలుపుకుని తినాలి, ఉట్టి జావ తాగకూడదు.

మిగిలిన జుక్‌ని కుక్కర్‌లోనే వదిలేసి నిద్రపోకు. జ్వరంలో అందరూ చేసే పనే ఇది. గది వేడిలో ఉడికిన బియ్యంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విషాన్ని వదులుతుంది, మళ్ళీ ఎంత కాచినా ఆ విషం పోదు, వాంతులు పట్టుకుంటాయి. తిన్నాక గంట రెండు గంటల్లోపు వెడల్పు గిన్నెలో పోసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టెయ్యి, మర్నాడు గడ్డగా అవుతుంది, వేడినీళ్ళు కలిపి బాగా తెర్లించుకుని తాగు. రెండు రోజులు దాటితే పారబొయ్యి.

మందుల సంగతి ఒకటుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో వేసుకుంటున్నావా? అక్కడ మెడికల్ షాపులో జలుబుకి గన్‌మావోలింగ్ అని కషాయం పొడి ఇస్తారు, మూలికల మందే కదా అని చాలామంది రెండూ కలిపి వాడేస్తారు. డోలోలో ఉన్నట్టే అందులోనూ పారాసెటమాల్ ఉంటుంది. డోలోతో కలిస్తే మోతాదు పెరిగిపోతుంది, కాలేయానికి దెబ్బ. ఒకటే వాడు.

ఇంకా ఒక ప్రశ్న మిగిలింది, ఇది నేను అడగాల్సింది. ఫ్లూ అని డాక్టర్ చెప్పారా, నువ్వే అనుకున్నావా? గ్వాంగ్‌డాంగ్‌లో వానల కాలంలో డెంగీ ఉంటుంది, 2014లో చాలా పెద్ద ఎత్తున వచ్చింది, 2025లో పక్కనున్న ఫోషాన్‌లో చికన్‌గున్యా వ్యాపించింది. దోమలు కుట్టే కాలమైతే పరీక్ష చేయించుకోకుండా ఐబుప్రొఫెన్ వేసుకోకు. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, ఒంటి మీద ఎర్ర చుక్కలు, ఊపిరాడకపోవడం, మగతగా ఉండటం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా, లేదా తగ్గిన జ్వరం మళ్ళీ పెరిగినా జుక్ పక్కన పెట్టి ఆ రోజే వెళ్ళు. పెద్ద ఆసుపత్రుల్లో జ్వరానికి వేరే క్లినిక్ ఉంటుంది, పాస్‌పోర్టు, ఇన్సూరెన్స్ కార్డు తీసుకుని, నీకు జుక్ తెచ్చిపెట్టిన ఆ క్లాస్‌మేట్‌నే వెంటబెట్టుకుని వెళ్ళు, భాష ఇబ్బంది ఉండదు.